రెండుసార్లు ఆరిన బల్బు

జాతీయ అవార్డు అన్న మాట వింటే నాకు ముందు పుట్టేది సంతోషం కాదు, అనుమానం. మగ్గాల ఊళ్లో ఇరవై ఏళ్లుగా విలేకరిని. ఏ హాల్లో ఎవరికి ఏ శాలువా కప్పారో రాసి రాసి, శాలువా కనబడితే దాని వెనకాల ఎవరున్నారా అని వెతకడం అలవాటైపోయింది. మా ఇంటావిడ నన్ను "సల్ల గూడ ఊదుకుంట తాగే మనిషి" అంటుంది. అందులో అబద్ధం లేదు.

మొన్న చలికాలంలో కరీంనగర్ ఆఫీసు నుంచి డెస్క్ ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. "అన్నా, నీ స్టోరీ ఢిల్లీ అవార్డుల ఆఖరి లిస్టుల ఉన్నది. దేశంల పేపర్లన్నిట్ల మంచి స్టోరీలు ఏరి ఏటా ఇస్తరు సూడు, గదే."

"ఎవరు పంపిండ్రు?" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

"మేమైతే పంపలే. పాఠకులు గూడ పంపొచ్చట. చెన్నూరు నుంచి ఎవరో పాఠకుడు పంపిండని మెయిల్ల ఉన్నది."

అక్కడే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. నేను రాసేది మా జిల్లా పేజీలో వస్తుంది. ఆ పేజీ జిల్లా పొలిమేర దాటదు. గోదావరి అవతల ఉన్న చెన్నూరుకు వాళ్ల జిల్లా పేజీ పోతుంది. నా పేరే అచ్చుకాని ఊళ్లో నాకు అభిమాని ఎట్లా పుట్టాడు?

అది రెండేళ్ల కిందటి స్టోరీ. మరమగ్గాల చప్పుడుకు చెవులు పోయిన ఒక నేత కార్మికుడు, అతని భార్య. ఇంటిని ఆనుకునే మగ్గాల షెడ్డు. పట్టపగలు కూడా బల్బు లేకపోతే లోపల చీకటే. భర్తను పిలవాలంటే ఆమె నోరు తెరవదు, గోడకున్న స్విచ్చి నొక్కుతుంది. "ఆమె బల్బును రెండుసార్లు ఆర్పింది. అన్నానికి రమ్మని పిలుపు అది. ఆయన నవ్వుతూ తలెత్తాడు" అని రాశాను. అవార్డుల వాళ్లు ఈ వాక్యాలను ప్రత్యేకంగా మెచ్చుకున్నారట. ఇన్‌ఛార్జి ఫోన్లో చదివి వినిపిస్తే, ఇంకోసారి చదవమన్నాను.

వాళ్లకు రెండు కాగితాలు కావాలి. ఈ స్టోరీ నిజమేనని ఆ దంపతుల సంతకం ఒకటి. నేనే స్వయంగా పోయి, చూసి రాశానని నా సంతకం ఒకటి. గడువు పది రోజులు. అవార్డు వస్తే నన్ను ఆఫీసులోకి స్టాఫ్ రిపోర్టర్‌గా తీసుకునేలా పైవాళ్లతో మాట్లాడతానని ఇన్‌ఛార్జి ఆశ పెట్టాడు. నాకది కావాలి. చాలా కావాలి. అనుమానపు మనిషికి ఆశ ఉండదని ఎవరన్నారు?

ఆశ ఎంత ఉందో అనుమానమూ అంతే ఉంది. ఇన్‌ఛార్జి తన పేరు కూడా ఇరికిస్తాడేమో అనుకున్నాను. హోటల్ దగ్గర తోటి విలేకరులు చాయ్ తాగుతూ "ముబారక్" అంటే, నన్ను పిచ్చోణ్ణి చేయడానికి వీళ్లే చెన్నూరు నుంచి ఎవరితోనో పంపించి ఉంటారనుకున్నాను. ఒకడు ఊరికే నవ్వాడు. ఆ నవ్వు గురించి రెండు రోజులు ఆలోచించాను.

ఆ స్టోరీ నోట్‌బుక్ కోసం అటక మీది అట్టపెట్టెలన్నీ దించాను. ఆ నెల పుస్తకంలో మున్సిపల్ మీటింగు ఉంది, రాస్తారోకో ఉంది. మగ్గాల షెడ్డు గురించి ఒక్క ముక్క లేదు. ఎవడో పేజీలు చింపి కాజేశాడని నిర్ణయించుకున్నాను. ఇంటావిడతో అంటే, "నీ పుస్తకాలు దొంగలు గూడ ముట్టరు" అని తన పనిలో తాను పడింది.

సంతకం కోసం ఆ దంపతులుండే గల్లీకి పోయాను. మొదట్లోనే ఆగిపోయాను. ఇల్లు ఎటో గుర్తు రాలేదు. రెండేళ్లు కదా, సర్లే అనుకుని ఒకామెను అడిగి పోయాను. ఆ నేత కార్మికుని భార్య గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"అక్కా, రెండేండ్ల కింద మీ గురించి పేపర్ల రాసింది నేనే. ఒక సంతకం గావాలె" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసింది. "నువ్వు ఎన్నడు రాలే తమ్మీ."

"మర్సిపోయినవేమో అక్కా."

"మర్సుడేంది? వచ్చింది గా ముసలి సారు. మూడు దినాలు గీ గడప మీదనే కూసున్నడు. రాస్తే మీకేం పరేషాన్ లేదు గదా అని ఇద్దరినీ అడిగిండు. ఇప్పుడు చెన్నూరుల బిడ్డ దగ్గెర ఉంటుండు. ఇప్పటికీ ఫోన్ జేసి, మా ఆయన చెవులెట్లున్నయని అడుగుతడు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను జేబులోని ఫారం తడుముకున్నాను.

మా ఊళ్లో విలేకరులం ఆరుగురం. ఎవరు ఎక్కడికి పోతే వాళ్లు చూసింది గ్రూపులో పెడతారు. మిగతా అయిదుగురం మొదటి పేరా మార్చుకుని ఎవరి పేపర్‌కు వాళ్లం పంపుకుంటాం. దీన్ని మేం దొంగతనం అనం, సర్దుబాటు అంటాం. ఒక్క మనిషి ఒక్క పూటలో ఆరు చోట్లకు ఎట్లా పోతాడు? ఆమె చెప్పిన ముసలి సారు మాలో అందరికంటే పెద్దాయన. అప్పటికి ఇంకా పని మానలేదు. ఈ బల్బు సంగతి గ్రూపులో పది ముక్కల్లో పెట్టాడు. ఆయన పేపర్ దాన్ని ఒక మూల నాలుగు లైన్లు వేసింది. మా పేపర్‌కు ఆ ఆదివారం పేజీ ఖాళీగా ఉంది. నేను మొదటి పేరా మార్చాను. తర్వాత రెండోది మార్చాను. ఒక నవ్వు చేర్చాను. బల్బు ఎన్నిసార్లు ఆరుతుందో ఆయన చెప్పలేదు, రెండు అయితే బాగుంటుందనిపించి రెండు వేశాను. రాయడం అయ్యేసరికి ఆ షెడ్డులో నేనే నిలబడ్డాను. రెండేళ్లూ ఆ బల్బు నా కళ్లముందే ఆరిందని నమ్ముతూ బతికాను.

గల్లీ బయటికొచ్చి ఆయనకు ఫోన్ చేశాను.

"నువ్వు జేస్తవని ఎదురుజూస్తున్న తమ్మీ" అన్నాడు.

"పంపింది నువ్వేనా అన్నా?"

"నేనే. గప్పుడే కోసి పెట్టుకున్న కాయితం."

"ఎందుకు?"

కొంచెంసేపు దగ్గాడు. "నాకన్న మంచిగ రాసినవ్. అందుకే పంపిన. ఇంకోటి గూడ ఉన్నది. స్వయంగ సూసి రాసిన అని కింద సంతకం అడుగుతరు గద. పెడ్తవా, పెట్టవా సూద్దామని."

"పెడితే?"

"పెడితే అవార్డొస్తది. నేనెవలికి చెప్ప. నాకు ఎర్కయితది, గంతే."

నాకు కోపం వచ్చింది. ఇంత వయసొచ్చి ఈ పరీక్షలేంది అని తిట్టాలనిపించింది. ఇల్లు చేరేసరికి కోపం దిగిపోయి సిగ్గు మిగిలింది. నేను ఊరందరినీ అనుమానించాను. నన్ను అనుమానించింది ఆయనొక్కడే, ఆ అనుమానమే నిజమైంది.

రెండు రోజులు ఫారం టీవీ మీద పెట్టుకుని చూశాను. పెట్టేస్తే ఏం పోయింది అనుకున్న పూటలు కూడా ఉన్నాయి. చివరికి "స్వయంగా చూసి" అన్న మాటలు కొట్టేసి, ఎవరు చూశారో, నేనేం కలిపానో కింద రాసి కరీంనగర్ పంపాను.

ఇన్‌ఛార్జి వెంటనే ఫోన్ చేశాడు. "గిట్ల పంపితే అవార్డు పోతదన్నా. అసలు నీ కడుపుల ఏమున్నది? వేరే పేపర్ల చేరుతున్నవా?" నిజం చెప్తే నమ్మలేదు. అతని స్థానంలో నేనున్నా నమ్మను.

అవార్డు ఇంకో రాష్ట్రం వాళ్లకు పోయింది. మా పేపర్లో సింగిల్ కాలమ్ వార్త వచ్చింది. ఇంటావిడ ఆ పేపర్‌ను మడిచి అల్మారా అరలో పరిచింది.

తర్వాత ఒక రోజు ఏ కాగితమూ పట్టుకోకుండా ఆ ఇంటికి పోయి గడప మీద కూర్చున్నాను. మగ్గాల చప్పుడులో నా దగ్గు నాకే వినబడలేదు. మధ్యాహ్నమైంది. ఆమె వంటింట్లోంచి వచ్చి స్విచ్చి నొక్కింది. షెడ్డు చీకటైంది. మళ్లీ వేసింది. ఒక్కసారే. ఆయన నవ్వలేదు. మగ్గం ఆపి, చేతులు దులుపుకుని, నన్ను చూసి తలాడించి లోపలికి పోయాడు.

"రెండుసార్లు ఆర్పవా అక్కా?" అని అడిగాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. "రెండుసార్లంటే ఎవరో సచ్చిపోయిండ్రని. గీ గల్లీల అందరిదీ గదే లెక్క. మా అత్త పోయిన్నాడు ఆర్పిన, మల్ల ఎన్నడు ఆర్పలే."

నేను లేవబోయాను. ఆమె నాకు కూడా కంచం పెడుతూ అంది, "నువ్వు పేపర్ల రాసిన నాడు గల్లీ గల్లీ మా ఇంటికొచ్చింది తమ్మీ. మీ ఇంట్ల ఎవరు పోయిండ్రు అని."