గంట ఆగేదాకా

నాయన కంటితో సరుకు కొనేవాడు కాదు, చెవితో కొనేవాడు. తిరుపతిలో మాది ఇత్తడి అంగడి. బిందె కానీ, పూజ గంట కానీ, ముందు వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. కంటికి కనపడని బీట ఉంటే మోత మధ్యలోనే చచ్చిపోతుందట. "ఆయప్ప విని ఇస్తే ఇంక సూసే పన్లేదు" అంటూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మా అంగడే వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ వీధిలో ఇత్తడి అంగళ్ళు ఎన్ని లేవు! మాకు అన్నం పెట్టింది ఆ చెవే.

నా చిన్నప్పుడు అదే మాకు ఆట. గంట కొట్టి నాయనా నేనూ చూపుడు వేలు పైకెత్తేవాళ్ళం. మోత పూర్తిగా ఆగితేనే దించాలి. ఎప్పుడూ నా వేలే ముందు దిగేది. "నీవి సెవులా, సేటలా మే?" అని పడీపడీ నవ్వేవాడు.

ఆ చెవికి సంగీతం పిచ్చి కూడా ఉండేది. రికార్డు మీద ఎవరి చెయ్యి పడినా ఇంట్లో అందరికీ అక్షింతలే. ఎదురంగడిలో రేడియోలు బాగుచేసే భాయ్, నాయన కోసమని వాల్వుల ఆంప్లిఫయరు సొంతంగా కట్టి ఇచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ మిద్దె మీద గదిలో చేరేవారు. కాఫీ ఇచ్చే వంకతో నేనూ కూలబడేదాన్ని. నాయనకు ప్రాణమైన రికార్డు ఒకటుండేది, పాట లేని విదేశీ వాద్య సంగీతం. చివర వాద్యాలన్నీ ఆగిపోయి, చిన్న గంట ఒక్కటే మోగి మెల్లగా సన్నబడుతుంది. అక్కడ నాయన కళ్ళు మూసుకుని వేలెత్తేవాడు.

ఎనభైల చివర్లో భాయ్ బావమరిది దుబాయ్ నుంచి సీడీ ప్లేయరు తెచ్చాడు. నాయన సంతోషిస్తాడని భాయ్ అదే సంగీతం సీడీలో తెప్పించాడు. నాయనేమో వినకముందే మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

"శబ్దాన్ని కొలిసి అంకెలు సేసినారంట. అంకెకీ అంకెకీ నడాన ఉండేది యాడికి పోయినట్టు భాయ్?"

"విని సెప్పన్నా. నువ్వు బాగుందంటేనే నేను నమ్మేది."

సీడీ తిరిగింది. రికార్డులో వినపడే గీర చప్పుడు లేదు, బుసబుస లేదు. గంట మోగింది. నాయన కళ్ళు మూసుకుని వేలెత్తాడు. నేనూ ఎత్తాను. రెండు ఊపిర్లు తీసేలోగా ఆయన వేలు దిగిపోయింది. నాది పైనే ఉంది. భాయ్ దాని వైపే చూశాడు.

"మోతకి తోక కోసేసినారు!" అని నాయన లేచాడు. "గంటని పీక నులిమి సంపినారు."

"లేదన్నా, ఇంకా మోగతానే ఉండాదే..."

"నీవి సెవులా, సేటలా?"

ఈసారి నవ్వలేదు. తన రికార్డు పెట్టాడు. అది అరిగిపోయి, ఆ గంట మోత గీర చప్పుడులో ఎప్పుడో కలిసిపోయింది. నాయన వేలు మాత్రం ఎప్పటిలాగే చాలాసేపు పైన నిలిచింది. అంత గొప్ప చెవికి నా చెవి ఎక్కడ సాటి అనుకున్నాను. ఏళ్ళ తరబడి విన్న ఆ మోత ఎంతసేపు ఉండాలో ఆయనకు కంఠతా వచ్చని నాకు తట్టనే లేదు. భాయ్ ప్లేయరు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆదివారం రాలేదు. నాయన పిలవనూ లేదు.

కార్తీకం ముందు వడమాలపేట నుంచి మా పాత గిరాకీ ఒకాయన, గుడి కోసం కొన్న గంట వెనక్కి తెచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు విని ఇస్తివి కదప్పా. హారతికి కొడితే అందరూ మొకాలు సూసుకున్నారు. బీట గంట దేవుడి ముందర పెట్టిస్తివే!"

నాయన కొట్టి చూశాడు. పెంకు గీసినట్టు ఆ బీట నాకు బల్ల ఇవతలికే వినపడింది. నాయన ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. వేరే గంట తీసి, నేనే విని, ఆయనకిచ్చి పంపాను.

ఆయన వెళ్ళగానే నాయన అల్మరాలోని గంటలన్నీ దించాడు. ఒక్కొక్కటీ కొట్టడం, వేలెత్తడం, దించడం. అన్నీ రెండు ఊపిర్లకే.

"వీటికీ తోక లేదేంది మే?" అన్నాడు. గొంతు చిన్నదైపోయింది.

పెద్ద గంట అందుకుని కొట్టాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. అలవాటు కొద్దీ నేనూ వేలెత్తాను. ఆయనది దిగింది. నాది దించాలని తోచేలోపే చూసేశాడు. అది దిగేదాకా అలాగే నిలబడి చూశాడు.

ఆ రోజు నుంచి అంగట్లో కొట్టి వినడం నా పని. నాయన గల్లా దగ్గర కూర్చునేవాడు.

కొన్నాళ్ళకు నన్ను ఎదురంగడికి పంపాడు. "ఆ సీడీ పెట్టె తెమ్మను. తప్పు నాదే అన్జెప్పు." భాయ్ చేతిలో పని వదిలేసి వచ్చాడు. సీడీ పెట్టాడు. వాద్యాలన్నీ ఆగాయి, గంట మోగబోతోంది. నాయన నా వైపు తిరిగి, "వేలెత్తు మే" అన్నాడు.

ఎత్తాను. అది దిగేదాకా రెప్ప వేయకుండా చూసి, "బాగుండాది భాయ్" అన్నాడు.