ఫోటోలో ఉన్న గిన్నె

నేను పిల్లలకు చెబుతూ వచ్చిన కథల్లో ఒకటి అబద్ధం. అది నా నోటి నుంచి వచ్చిన రోజు మొదలు ఇవాళ్టిదాకా గుండెల మీద బరువుగానే కూర్చుంది. అయిదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నాకు రాయడం కంటే చెప్పడం బాగా వచ్చు. కానీ దీన్ని ఎదురుగా ఒకరి మొహం చూస్తూ చెప్పలేను. మీ మొహం నాకు కనబడదు. అందుకే రాస్తున్నాను.

మా అన్నయ్య కూతురు రమ. షాట్‌పుట్‌లో దేశం మొత్తం మీద మొదట నిలిచిన పిల్ల. తొంభైల్లో బెజవాడలో పేపరు చదివినవాళ్లకు గుర్తుండొచ్చు. భర్త పోయాక నేను అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయాను, తల్లి లేని రమ నా చేతుల్లోనే పెరిగింది. మాది కోడిగుడ్డు కూడా గుమ్మం దాటని ఇల్లు. ఆ విషయంలో అన్నయ్య మరీ పట్టుదల మనిషి.

రమ హైస్కూల్లో ఉండగా డ్రిల్లు మాస్టారు నన్ను పిలిపించారు. పిల్ల భుజంలో బలం ఉంది గానీ కడుపులో లేదన్నారు. గుడ్లు, మాంసం పెట్టకపోతే ఆట మానిపించెయ్యమన్నారు. అన్నయ్యను అడిగే ధైర్యం నాకు లేదు. పక్కింటికి వెళ్లాను.

పక్కింట్లో ఖైరున్నీసా ఉండేది. బట్టలు కుట్టేది. వాళ్లాయన ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాడు. విషయం చెబితే, "దీనికి ఇంత గుసగుస ఎందుకక్కా, పంపించు" అంది. అంతే. ఆ మర్నాటి నుంచి రమ ప్రాక్టీసు అయ్యాక పెరటి దారిన వాళ్లింటికి వెళ్లి, కుట్టుమిషను పక్కన కూర్చుని తినేది. మూతకు సొట్ట పడిన ఒక సత్తుగిన్నె దానికోసమే విడిగా ఉంచింది ఖైరున్నీసా. గుడ్లకూర, ఒక్కోరోజు మాంసం, ఎముకలు మరిగించిన పాయా. పెరటి గుమ్మంలో నేను లవంగాలు పట్టుకుని నిలబడేదాన్ని. పిల్ల నోట్లో లవంగం పడ్డాకే లోపలికి రానిచ్చేదాన్ని. ఇంట్లో విసురుకోవడానికి ఇనుపగుండు కూడా వాళ్లాయనే తయారుచేసి ఇచ్చాడు. వీటన్నిటికీ బదులు నేను చేసిందల్లా వాళ్ల పిల్లలకు కథలు చెప్పడం.

ఏళ్లు గడిచాయి. రమ జిల్లాలో గెలిచింది, రాష్ట్రంలో గెలిచింది, చివరికి దేశంలోనే బంగారు పతకం తెచ్చింది. పేపరాయన ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. ముందు గది నిండా జనం. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు వచ్చింది ఖైరున్నీసా. మా ఇంటి పద్ధతి తెలిసిన మనిషి కదా, పాలతో సేమ్యా వండి తెచ్చింది. తెచ్చింది మాత్రం ఆ సొట్ట మూత గిన్నెలోనే. ఆ సందడిలో ఎవరి కంటా పడకుండా నేరుగా వెళ్లి రమ ముందు పెట్టి, పిల్ల బుగ్గలు రెండు చేతులా పట్టుకుంది.

"ఏం తిని ఇంత బలం తెచ్చుకున్నావమ్మా?" అన్నాడు పేపరాయన. రమ నా వైపు చూసింది. అన్నయ్యా నా వైపే చూశాడు. ఆ గిన్నెలో ఏముందండీ అని పేపరాయన మళ్లీ అడిగాడు.

"పెరుగన్నం" అన్నాను. "మా ఇంటి పెరుగన్నం తినే ఇంతయిందండీ."

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోగ్రాఫర్ ఖైరున్నీసా వైపు చెయ్యి చూపించి, ఈవిడ ఎవరని అడిగాడు.

"పక్కింటావిడ. బట్టలు కుడుతుంది" అన్నాను. ఆ తర్వాత ఆమెతో, "నువ్వు కాస్త పక్కకు జరుగు, ఫోటో తీస్తారు" అన్నాను.

జరిగింది. గిన్నె మాత్రం ఫోటోలో పడింది.

ఆ సాయంత్రం గోడ దగ్గర పలకరించింది. ముందు నవ్వుతూనే మొదలుపెట్టింది. "పెరుగన్నం భలే పనిచేసిందక్కా. మా ఆయనక్కూడా రేపట్నించి అదే పెడతా, ఇనుము చేత్తోనే వంచేస్తాడు."

"అన్నయ్య అక్కడే ఉన్నాడే ఖైరున్, ఏం చెయ్యమంటావు?"

"మాంసం మాట చెప్పమన్నానా? ఎన్నడన్నా చెప్పానా?" నవ్వు ఆగిపోయింది. "పక్కింటావిడ అన్నావు. నా పేరు కూడా రాలేదా అక్కా నీ నోటికి?"

పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

నిజమే కదా? సేమ్యా అని చెబితే ఏం పోయేది? ఖైరున్నీసా చేసి తెచ్చిందంటే ఇల్లు కూలిపోయేదా? అన్నయ్యకు భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. ఆ చప్పట్లు నాకు కావలసి వచ్చాయి. పిల్లను పెంచింది నేను, బలం ఇచ్చింది ఇంకొకరు అంటే ఆ గదిలో ఒప్పుకోలేకపోయాను.

ఆ ఫోటోకు అన్నయ్య ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాడు. ఏళ్ల తరబడి గుడ్లూ మాంసమూ వడ్డించిన గిన్నెకు రోజూ హారతి అందింది. నవ్వొస్తోందా? నాకూ వచ్చేది, ఒక్కదాన్నే ఉన్నప్పుడు.

కొన్నాళ్లకు ఖైరున్నీసా వాళ్లాయనకు ఇబ్రహీంపట్నంలో కరెంటు ఫ్యాక్టరీలో పని దొరికి వెళ్లిపోయారు. వీధిలో అందరికీ చెప్పి వెళ్లింది, నాకు తప్ప. ఏ వీధిలో దిగారో నాకు తెలుసు. గిన్నె నేను తిరిగి ఇవ్వలేదు. రైల్వేలో ఉద్యోగం వచ్చాక రమ ఇంటికి వచ్చినప్పుడు, "అత్తా, ఖైరున్ పిన్ని ఎక్కడుంది?" అని అడిగింది. తెలియదన్నాను. వాళ్లిద్దరూ కలిస్తే గోడ దగ్గరి మాటలు రమకు తెలుస్తాయని, నా పెరుగన్నం కథ బయటపడుతుందని. మొదటిది భయంలో వచ్చిన మాట అనుకున్నా, ఇది మాత్రం ఆలోచించి చెప్పింది.

రమ ఇంకా కొన్నేళ్లు ఆడింది. భుజంలో కండ చిరిగి ఆపరేషన్ అయ్యాక ఆట ఆపేసి, ఇప్పుడు ఆడపిల్లలకు నేర్పుతోంది. పెరుగన్నం కథ మాత్రం నేను ఆపలేదు.

అన్నయ్య పోయాడు. మొన్న రమకు ఫోను చేసి, వాళ్ల వీధి తెలిసే దాచానని అంతా చెప్పాను. ఏ వీధి అని మాత్రం అడిగింది. చెప్పాను. నేనూ వస్తానంటే, "వద్దులే అత్తా" అంది.

సరే. వాళ్లు ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియనక్కర్లేదు. నేను చెప్పవలసింది ఒకటే ఉంది. మా ఇంటికి ఎవరొచ్చినా ఆ ఫోటో చూసి గిన్నెలో ఏమిటని ఇప్పటికీ అడుగుతారు. పాల సేమ్యా. వండింది ఖైరున్నీసా. గిన్నె కూడా ఆవిడదే.