వీపున గుండీల రవిక

1969లో ఉద్యమం జోరు మీద ఉండగా మా కాలేజీ మూతపడింది. ట్రంకుపెట్టె పట్టుకుని మహబూబ్‌నగర్ హాస్టల్ నుంచి కొత్తకోటకు వచ్చేశాను. పరీక్షలు ఎప్పుడు జరుగుతాయో చెప్పేవాళ్లే లేరు. నిజం చెప్పాలంటే నాకు పెద్దగా దిగులు కూడా లేదు. ఇంట్లో వదిన ఉంది.

వదినది ఆలేరు. రైలు ఆగే ఊళ్లో పుట్టానన్న సంగతి ఆమె మమ్మల్ని మరిచిపోనిచ్చేది కాదు. సినిమా పాటలన్నీ నోటికి వచ్చు. జొన్నరొట్టె కొడుతూ పాడేది, తబలా మోగే చోట రొట్టె మీదే దరువు వేసేది. "రొట్టె పలగకుండ పాడు" అని మా అమ్మ కసిరేది. పాట ఆగిపోతే "ఏమైంది, ఆపినవ్?" అని అడిగేదీ అమ్మే.

ఆ ఎండాకాలం ఊరి చివర టూరింగ్ టాకీసు డేరా వేశారు. ఒకనాడు మొదటి ఆటకు వదినా నేనూ వెళ్లాం. ఒక అన్న, ఒక చెల్లెలు, పొలం అమ్మి చదివించడం, అపార్థం, చివర్లో కన్నీళ్లు. కథ సంగతి అలా ఉంచితే, పట్నంలో చదివే ఆ చెల్లెలు వేసుకున్న రవిక చూసి వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మెడ దాకా మూసిన రవిక, మోచేతుల దాకా అతుక్కున్న చేతులు, వీపున పైనుంచి కిందికి వరసగా గుండీలు. మా వైపు అప్పటికి అందరివీ ముందు ముడేసుకునే రవికలో, మామూలు హుక్కుల రవికలో.

"శ్రావణంల మా చెల్లె పెండ్లి ఉంది. నేను గిసొంటిదే ఏసుకొని పోత" అంది వదిన, రీలు మార్చడానికి దీపాలు వెలిగించినప్పుడు.

మర్నాడే బజారులో దర్జీ చాచా కొట్టుకు పోయాం. మా ఇంట్లో పెళ్లిళ్లకూ పండుగలకూ బట్టలు కుట్టేది ఆయనే. మనిషి నెమ్మది. గడ్డం తెల్లబడుతున్నా తల మాత్రం నల్లగా ఉండేది. వదిన చేతులు తిప్పుతూ రవిక గురించి చెప్పింది. చాచా అంతా విని కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపాడు.

"ఎనక గుండీలు పెడితే చేతులు ఎట్ల అందుతయి బిడ్డా?"

"ఇంకొకలు పెడతరు చాచా."

"ఆ పిల్ల ఒక్కతే ఉంటది అంటివి కదా, పట్నంల."

ఆ గుండీలు నిజంగా తెరుచుకునేవేనా, ఉత్త అందానికి కుట్టినవా అని మేమిద్దరం కొట్టులోనే వాదించుకున్నాం. చివరికి చాచాయే అన్నాడు, "మీరు చెప్పేది నాకు సమజైతలేదు. నేనే పోయి సూసొస్త."

ఆయన అంతకు ముందు ఒక్క సినిమా కూడా చూడలేదని మాకు అప్పుడు తెలియదు. రెండు రోజులాగి వెళ్లి అడిగాం. చాచా కత్తెర పక్కన పెట్టి నిట్టూర్చాడు.

"పాపం, గా అన్న ఎంత కష్టపడ్డడు. జర కూడ సమజ్ చేసుకోకపాయె ఆ పిల్ల."

"రైక చూసినవా చాచా?"

"రైకనా?" అన్నాడు ఆయన, నిద్రలోంచి లేచినట్టుగా.

మళ్లీ వెళ్లాడు. ఈసారి ఒంటరిగా కాదు, చాచీని కూడా తీసుకుపోయాడు. ఆడవాళ్ల వైపు అడ్డుగా కట్టిన గుడ్డకు అవతల కూర్చున్న చాచీ వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఇవతల ఈయన గుండీల మీద చూపు నిలపలేకపోయాడట. డేరా ఎత్తేసే ముందు మూడోసారి వెళ్లి, ఆ పిల్ల కనిపించగానే కథ చెవిన పడకుండా రెండు చెవులూ మూసుకుని చూశానని చెప్పాడు. అప్పుడు గాని కొలతల టేపు తీయలేదు.

కొలతలు తీసుకున్నా, కుట్టడం మాత్రం వానలు పడ్డాకే అయింది. రవిక తెచ్చుకోవడానికి నేను వెళ్లిన రోజు కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. పక్క కిరాణం దుకాణంలో రేడియో గట్టిగా మోగుతోంది. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టాడని వార్త. మా బాపు కూడా అక్కడే ఉన్నాడు. ఆయన రోజూ వచ్చేది ఉద్యమం వార్తల కోసం.

"నడిచిండంటె నడిచిండు. మన పిల్లల కాలేజీ ఎప్పుడు తెరుస్తరో గది చెప్తలేరు" అన్నాడు బాపు.

"నిజంగ పోయిన్రంటవా? ఎవలు సూసొచ్చిన్రు?" అని ఒకాయన పట్టుబట్టాడు.

చాచా బొగ్గుల ఇస్త్రీపెట్టె చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చాడు. "గాలే లేదంటున్నరు గదా ఆడ. మరి లోపలి గాలి బయటికి పోకుండ ఆ బట్టలు ఎట్ల కుట్టిన్రో" అన్నాడు. ఆయన కాసేపు ఆకాశం వైపు చూసి, లోపలికి వెళ్లి నా చేతికి రవిక ఇచ్చాడు. ముందు దాచిన హుక్కులు, వెనక ఉత్త అందానికి గుండీలు. "ఇగ ఎవలి సాయం అక్కర లేదు" అన్నాడు.

శ్రావణంలో అందరం ఆలేరు వెళ్లాం. వదిన పెళ్లింట్లో అడుగు పెట్టగానే ఆడపిల్లలంతా చుట్టూ చేరారు. ఒక ముసలామె గుండీ విప్పబోయి, అది రాకపోయేసరికి, "గిది తాళం ఏసిన రైకనా?" అని అడిగింది. వదిన మొహం వెలిగిపోయింది.

ఆ సంబరం తలంబ్రాల దాకానే. చెల్లెలి తల మీద అక్షింతలు వేయడానికి చెయ్యి పైకెత్తగానే చంక కింద కుట్టు పర్రున చిరిగింది. పక్కనే ఉన్న నాకు ఆ చప్పుడు వినిపించింది. వదిన మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. పైట తీసి రెండు భుజాల చుట్టూ శాలువాలా కప్పుకుని, కొసను చేత్తో పట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి నిలబడింది. నవ్వాపుకోలేక నేను స్తంభం వెనక్కి పోయాను.

భోజనాల వేళకు చూస్తే పెళ్లికి వచ్చిన పడుచుపిల్లల్లో సగం మంది పైట భుజాల చుట్టూ కప్పుకునే తిరుగుతున్నారు. అది ఏ సినిమాలోదని ఒకమ్మాయి నన్నే అడిగింది. "ఇంకా మన దిక్కు రాలేదు" అన్నాను.

తిరిగొచ్చాక కుట్టు సంగతి చెబితే చాచా ఏమాత్రం నొచ్చుకోలేదు. "కథల గా పిల్ల ఒక్కసారన్న చెయ్యి లేపిందా? లేపలే. నేను సూసిన" అన్నాడు. కుడి చంక కింద చిన్న పీలిక అతికి, రెండో వైపు కుట్టు కూడా కాస్త వదులు చేసి ఇచ్చాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు కాలేజీ తెరిచారు. ట్రంకు సర్దుతుంటే వదిన ఆ రవికను మడతపెట్టి నా బట్టల మధ్య పెట్టింది. వద్దన్నాను. "నాకు ఈడ రొట్టెలు కొట్టేది ఉంది. నీకేమున్నది, కూసొని రాసుడే గదా" అంది. మహబూబ్‌నగర్‌లో దాన్ని చాలా రోజులు వేసుకున్నాను. క్లాసులో చెయ్యెత్తి ప్రశ్న అడగాల్సి వస్తే మాత్రం, అతుకు కనబడకుండా ఎడమ చెయ్యే ఎత్తేదాన్ని.