అరవై సైకిళ్ల ప్లేయర్

1996లో నన్ను హిందూపురం సర్వీస్ సెంటర్‌కు సీనియర్ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. రేడియోలు, టేప్ రికార్డర్ల మరమ్మతు మా పని. నాపైన ఒక ఇన్‌ఛార్జి, కింద ఇద్దరు మెకానిక్కులు. అప్పటికే రికార్డు ప్లేయర్లు రావడం దాదాపు ఆగిపోయింది. అందుకే మరుసటి వేసవిలో ధర్మవరం నుంచి కుళ్లాయప్ప అనే మగ్గం నేసే పెద్దాయన, భార్య నాగలక్ష్మమ్మతో కలిసి, దుప్పట్లో చుట్టిన పాత ప్లేయర్‌ను తెచ్చి బల్లమీద పెట్టినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"గరగరమంటాండాది సార్. పాట కంటే అదే ఎక్కువ ఇనపడతాండాది," అన్నాడాయన.

పాత యంత్రానికి వెంటనే కరెంటు ఇవ్వకూడదు. ముందు తీగల పైపొర పెళుసెక్కిందేమో చూశాను. రికార్డు పెట్టే పళ్లేన్ని చేత్తో తిప్పాను, ఎక్కడా పట్టలేదు. మోటారు తిరుగుడును పళ్లేనికి అందించే రబ్బరు చక్రం మాత్రం గట్టిపడి, ఒకచోట నొక్కుకుపోయింది. గరగర అక్కడిదే. భూతద్దంతో చూస్తే రికార్డు గాడిలో నడిచే ముల్లు కూడా అరిగింది.

తర్వాత కరెంటు ఇచ్చి, పళ్లెం మీద చారల అట్ట పెట్టాను. వేగం సరిగా ఉంటే బల్బు వెలుతురులో ఆ చారలు కదలకుండా నిలిచినట్టు కనిపిస్తాయి. ఇక్కడ వెనక్కి పరుగెత్తాయి. రబ్బరు జారితే అంత తేడా రాదు. అనుమానంతో మోటారు మీది రేకు చదివాను. అది అరవై సైకిళ్ల కరెంటుకు, అంటే సెకనుకు అరవై ఆవృత్తాలు ఉండే కరెంటుకు, చేసిన విదేశీ మోటారు. మన కరెంటు యాభై సైకిళ్లు; సైకిళ్లు తగ్గితే ఇలాంటి మోటారు వేగమూ తగ్గుతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె తోడుగా ఉంది గానీ, అది సైకిళ్లను మార్చలేదు.

ఎక్కడ కొన్నారని అడిగాను. పెళ్లయిన కొత్తలో, బెంగళూరులో ఒక విదేశీ కుటుంబం సామాన్లు అమ్ముకొని పోతుంటే కొన్నాడట.

"అయితే ఇది మీ ఇంటికొచ్చిన రోజు నుంచీ మెల్లగానే తిరిగింది. పాట సాగి, శ్రుతి తగ్గి వినపడి ఉంటుంది," అన్నాను.

నాగలక్ష్మమ్మ దగ్గరికొచ్చింది. "ఏమంటివి సార్? ఇంగొకసారి చెప్పు."

చెప్పాను. ఆమె ఒక రామకీర్తనను ఈ ప్లేయర్‌లో వినే నేర్చుకుందట. భజన మండలిలో పాడితే, సాగదీస్తున్నావనీ శ్రుతి అందడం లేదనీ హార్మోనియం వాయించే ఆయన ఆపేశాడట. ఆమె అప్పటినుంచి భజనకే పోలేదు.

"ఆ హార్మోనియం ఆయప్ప అందరి ముందర అనె. నాకు పాటే రాదనుకొంటి. నేను ఇన్నట్లే పాడినా కదా సార్?"

"విన్నట్లే పాడారమ్మా."

ఆమె భర్తవైపు తిరిగి, "ఇన్నావా?" అంది.

"ఇన్నాలే," అన్నాడాయన, తలెత్తకుండా. తర్వాత నాతో, "గరగర పోతే చాలు సార్. వేగం అట్లే ఉండనీ. మాకు ఆ పాటే అలవాటు," అన్నాడు.

"వద్దు, సరి చేయి సార్. రికార్డులో ఆయమ్మ నిజంగా ఎట్ల పాడిందో నేనూ ఇనాల," అందామె.

పళ్లెం వేగం మోటారు ఇరుసు మీది ఇత్తడి తొడుగు లావును బట్టి ఉంటుంది. లెక్కగట్టి, కాస్త లావుపాటి తొడుగును ఊళ్లోనే లేత్ యంత్రం మీద చేయించాను. రబ్బరు, ముల్లు మార్చాను. ప్లేయర్ తీసుకుపోవడానికి వచ్చినరోజు ఆమె కీర్తన చివరిదాకా వింది. "ఎంత చురుగ్గా పాడిందబ్బా!" అని నవ్వి, "అయినా నాకు నా పాటే బాగుండాది," అంది.

కొన్నేళ్లకు పెనుకొండలో ఒక సహోద్యోగి గృహప్రవేశానికి వెళితే అక్కడ ధర్మవరం నుంచి వచ్చిన మండలి భజన జరుగుతోంది. ముందు పాడుతున్నది నాగలక్ష్మమ్మే. అదే కీర్తన, అదే నిదానం. హార్మోనియమే ఆమె శ్రుతికి దిగి వచ్చింది. నన్ను గుర్తుపట్టి, పాట ఆపకుండానే తల ఊపింది.

మా వృత్తిలో ఫిర్యాదు విని పని మొదలుపెడతాం. కానీ అలవాటైపోయిన లోపం ఫిర్యాదులోకి రాదు. ఎవరూ తప్పు చెప్పని చోట కూడా కొలిచి చూడాలని ఆ ప్లేయర్ దగ్గర నేర్చుకున్నాను.