గాట్ల పరమేశ్

“...గుండు లెక్క నున్నగుండె గదనే! నున్నగయిన టైరుకు గాట్లు పెట్టక మల్లెపూలు పెడ్తరా?”

“అడిగి పెట్టాలె. నోరు లేదా నీకు? ఎక్కియ్యుమని ఇచ్చిండు ఆ సారు. కొయ్యుమన్నడా?”

“అరిగిందని నాకు కనిపిస్తలేదా? ఒకలు జెప్పాల్నా?”

“మస్తు కనిపిచ్చింది. ఇగ వస్తుండు గదా, ఆయనకు గూడ కనిపిస్తది.”

పరమేశ్ లేచి, ట్యూబులు ముంచే తొట్టిలో నీళ్లు పారబోసి మళ్లీ నింపాడు. పొద్దున్నుంచి అలా నింపడం అది రెండోసారి. బాలమణి గాలి మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని భర్తనే చూస్తోంది. ఇద్దరి మధ్య గోనెసంచి మీద ఆ టైరు పడి ఉంది.

రెండు వేల ఎనిమిది ఆగస్టు, ఒక శనివారం. మేడ్చల్ బస్టాండు దాటాక హైవే పక్కన రేకుల దుకాణం. వాన ఒక జల్లు కొట్టి ఆగింది, మళ్లీ వచ్చేలా ఉంది.

టైరు మీద గాట్లు చూడముచ్చటగా ఉన్నాయి. నడుమ నుంచి రెండు పక్కలకూ చేపముల్లులా ఏటవాలుగా దిగాయి. ఒకదానికీ ఇంకోదానికీ ఎడం ఎక్కడా తేడా లేదు. నిన్న మధ్యాహ్నం మూడు గంటలు కూర్చుని కోశాడు. ఎవరూ అడగలేదు. అడగకుండా చేసిన మేలు అనుకున్నాడు. పొద్దున సారు ఫోన్ చేసి “టైరు ఎండలో పెట్టకండి” అంటే, “గాట్లు పెట్టిన సారూ, మస్తుగొచ్చినయి” అని తనే గొప్పగా చెప్పాడు. “గాట్లా?” అన్నాడు సారు. ఆ తర్వాత, “నేను వస్తున్నాను,” అని పెట్టేశాడు.

ఆ ‘గాట్లా?’ అన్న తీరే పరమేశ్‌ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

అతనిది మేడ్చల్ పక్కన రావల్కోల్. తొంభైలో, పద్దెనిమిదేళ్లప్పుడు, మేడ్చల్‌లో లారీ టైర్లు బాగుచేసే ఉస్తాద్ దగ్గర చేరాడు. రెండేళ్లు మేకులు పీకడం, గాలి కొట్టడం. మూడో ఏడు ఉస్తాద్ వంచిన బ్లేడు చేతికిచ్చాడు. దాన్ని స్టవ్ మీద కాల్చి, అరిగిన టైరులో కొత్తగా గాట్లు తియ్యాలి. బ్లేడు ఎర్రబడితే రబ్బరు మాడుతుంది, చల్లబడితే చిరుగుతుంది. ఆ రెంటి మధ్య వేడి ఒక్క నిమిషం నిలుస్తుంది, పని ఆ నిమిషంలోనే జరిగిపోవాలి. పరమేశ్ చేతికి ఆ నిమిషం తెలిసినంతగా ఉస్తాద్‌కు కూడా తెలియదని అందరూ అనేవాళ్లు.

తొంభై నాలుగులో సొంత దుకాణం పెట్టాడు. అప్పట్లో కొత్త టైరు వేయించడమంటే ఇంట్లో చర్చ జరగాల్సిందే. పాలవాళ్లు, కూరగాయలవాళ్లు, కరెంటాఫీసు లైన్‌మన్లు టైరు గుండయ్యాక పరమేశ్ దగ్గరికి వచ్చేవాళ్లు, గాట్లతో పోయేవాళ్లు. బోర్డు మీద ‘ఇచట టైర్లకు గాట్లు పెట్టబడును’ అని రాయించాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండుసార్లు దుకాణం వెనక్కి జరిగింది. రెండుసార్లూ ముందు మోసింది ఆ బోర్డునే. షామీర్‌పేట దాకా అతన్ని గాట్ల పరమేశ్ అంటేనే గుర్తుపడతారు.

అందుకే నిన్న ఆ టైరు చేతిలోకి తీసుకోగానే చెయ్యి ఊరుకోలేదు. గురువారం ఫ్యాక్టరీకి పోతూ సారు బండి ఆపి, సంచిలోంచి దాన్ని తీసి, “వెనక చక్రానికండీ, శనివారం వచ్చి ఎక్కించుకుంటాను,” అని ఇచ్చాడు. అంతలో ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ పోయాడు. టైరు మొత్తం నున్నగా ఉంది, అక్కడక్కడ గీరుకుపోయి ఉంది. ఇంత చదువుకున్నాయన ఇంత గుండు టైరు ఎక్కడ కొన్నాడో, ఎవరు అంటగట్టారో అని పరమేశ్ జాలిపడ్డాడు.

కానీ బ్లేడు దిగినప్పుడు చేతికి ఒక అనుమానం వచ్చింది. అరిగిన టైరు గట్టిగా, పలచగా ఉంటుంది. ఇది మందంగా ఉంది, వెన్నలా మెత్తగా తెగింది. గుండయిన టైరుకు ఇంత మందమేమిటి అని ఆగాడు. ఆగి, ఇంత మంచి రబ్బరు దొరకడం అదృష్టమనుకుని ఇంకా లోతుగా కోశాడు.

ఈ సంగతి బాలమణికి చెప్పలేదు.

జయకృష్ణ వచ్చేసరికి పదకొండయింది. కాకినాడ మనిషి, కొంపల్లిలో అపార్టుమెంటులో ఉంటాడు, మేడ్చల్‌లో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. హెల్మెట్ తీసి బండి మీద పెట్టి, గోనెసంచి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఒక గాటులో వేలు పెట్టి చివరిదాకా జరిపాడు. తర్వాత ఇంకో గాటులో.

“ఎంతసేపు పట్టిందండీ?”

“మూడు గంటలు సారు.”

“బాగా కోశారు.” వేలు తీసేశాడు. “ఇది అరిగింది కాదండీ, పరమేశ్ గారూ. పుట్టడమే ఇలా నున్నగా పుడుతుంది. రేసు టైరు. కోయంబత్తూరులో ఒకాయన ఒక్క రేసు తిప్పి ఇచ్చాడు. నాలుగు నెలలు వెంటపడ్డాను.”

బాలమణి స్టూలు మీంచి లేచింది. “సారూ, తప్పయింది. ఉన్నవాట్లల్ల మంచి కొత్త టైరు మేమే ఎక్కిస్తం. మీరు పరేషాన్ గాకుండ్రి.”

“పరేషాన్ ఏం లేదమ్మా,” అన్నాడు గాని, మొహం అలా లేదు. రేపు చెన్నై దగ్గర రేసు ట్రాకు మీద రోజంతా బండి తిప్పుకోవడానికి డబ్బు కట్టి పేరు రాయించుకున్నాడు. బండ్లను తీసుకుపోయే డీసీఎం వ్యాను సాయంత్రం నాలుగింటికి కొంపల్లిలో బయల్దేరుతుంది. సోమవారానికి సెలవు కూడా పెట్టుకున్నాడు.

పరమేశ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అక్కణ్ణుంచే అడిగాడు. “గాట్లుంటెనే గద సారూ, రోడ్డును పట్టేది? నున్నగుంటె జారదా?”

జయకృష్ణ అతని చెయ్యి పట్టుకుని సిమెంటు గచ్చు మీద అరచెయ్యి ఆనించాడు. “నొక్కి ముందుకు తొయ్యండి.” పరమేశ్ తోశాడు. కదల్లేదు. “ఇప్పుడు వేళ్ల కొసలు మాత్రమే ఆనించి తొయ్యండి.” చెయ్యి సర్రున జారింది.

“పట్టుకునేది రబ్బరండీ. గాట్లు నీళ్లు పోవడానికి. పొడి ట్రాకు మీద నీళ్లుండవు, అందుకని గాట్లూ ఉండవు. మీరు కోసిన చోటల్లా రోడ్డుకు తగిలే రబ్బరు తగ్గిపోయింది. గాట్ల మధ్య మిగిలిన ముక్కలు ఊగుతాయి కూడా.”

“మరి గిదేస్కొని రోజు ఫ్యాక్టరీకి పోవచ్చు గద?”

“కొంపల్లి దాకా మెల్లగా నడుపుకుపోవచ్చు గానీ, రోజూ రోడ్డు మీదంటే ఇది వేడెక్కదు, వేడెక్కకపోతే పట్టదు. ఈ జల్లుకి మొదటి మలుపులోనే పడుకోబెడుతుంది. ట్రాకుది ట్రాకుకే. పోయినేడు ఫ్యాక్టరీకీ, ఆదివారం మలుపులకీ ఒకటే మెత్తటి టైరు వేసి చూశాను గదండీ. మీరే చెప్పారు అప్పుడు.”

చెప్పాడు. ఆ టైరు విప్పి, నడుమ చదునుగా, అంచులు మొనదేలి ఉండడం చూసి, “సారూ, మీరు వారమంత హైవే మీద నిలువుగ పోతరు, ఐతారం షామీర్‌పేట చెరువు రోడ్డుల వంగుతరు, వంగినప్పుడు బండి మెట్టు దిగినట్ల అయితది గద?” అన్నాడు. ఆ మాటతోనే జయకృష్ణ అతనికి గిరాకీ అయ్యాడు. టైరు చూసి మనిషి నడక చెప్తాడని ఫ్యాక్టరీలో చెప్పుకున్నాడు కూడా.

“మరి గుండయిన టైరు?” అన్నాడు పరమేశ్. గొంతు కొంచెం తగ్గింది. “మామూలు బండిది. దానికి కోస్తె?”

“అది వేరండీ. అరిగి పలచబడింది, వానలో నీళ్ల మీద తేలుతుంది. దాన్ని కోస్తే...” జయకృష్ణ చూపు బోర్డు మీదికి పోయింది. “అసలే రబ్బరు లేదు గదా, ఉన్నదీ పోతుంది. సరే, మీ దగ్గర నా సైజువి ఏమున్నాయి?”

పరమేశ్ మూడు టైర్లు దించాడు. ఒకటి గట్టిది, చాలా దూరం తిరుగుతుంది. ఒకటి లోతు గాట్లది, వానకు మంచిది. మూడోదానికి నడుమ ఒకే గీత, పక్కలకు గాట్లు తక్కువ. గోరు నొక్కి చూశాడు. గోటి గుర్తు మెల్లగా మాసింది. పక్కన అచ్చులో ఉన్న, తయారీ తేదీ చెప్పే నాలుగంకెలు చదివాడు. “ఇది మొన్న మే నెలది సారు. మెత్తగుంది, వంగినప్పుడు పక్కల రబ్బరు ఎక్కువుంటది.” అతని చేతులు పని చేస్తున్నాయిగాని, మనసు అక్కడ లేదు.

“కొత్తదానికి పైన నునుపుంటుంది గదా?”

“ఉంటది. మొదటి రౌండ్లు మెల్లగ తిప్పుండ్రి, నునుపు పోయేదాంక వంచకుండ్రి. గాలి కొంచెం తక్కువ పెడ్త. ఉరికితె వేడికి అదే పెరుగుతది.”

ఎక్కించడం పూర్తయ్యేసరికి ఒంటిగంట. జయకృష్ణ బండి స్టార్ట్ చేసి, గోనెసంచి వైపు చూశాడు. “అది మీ దగ్గరే ఉంచండి. కోత నిజంగా బాగుంది.” అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో తెలియనివ్వకుండా కొంపల్లి వైపు తిరిగాడు.

“బతికిచ్చిండు,” అంది బాలమణి. “ఇంకొకడైతే దుకాణం ముంగట లొల్లి పెడ్తుండె. రా, తిందువుగాని.”

పరమేశ్ తినలేదు. స్టవ్ దగ్గరికి పోయాడు, బ్లేడు చేతిలోకి తీసుకున్నాడు, పెట్టేశాడు. బయటికి వచ్చి రోడ్డు చూశాడు. లోపలికి పోయి గచ్చు మీద అరచెయ్యి పెట్టి తోశాడు. వేళ్లు పెట్టి తోశాడు.

“ఏందయ్యా ఆ ఆట?”

“బాలనర్సయ్య యాదికున్నడా?” అన్నాడు.

లైన్‌మన్ బాలనర్సయ్య. రెండు వేల ఒకటిలో వానాకాలం, షామీర్‌పేట చెరువు మలుపులో వెనక టైరు పేలి పడ్డాడు. తుంటి విరిగింది. పరమేశ్ బ్రెడ్డూ పండ్లూ పట్టుకుని ఆస్పత్రికి పోయాడు. మంచం పక్కన కూర్చుని, ఆ మలుపు మంచిది కాదన్నాడు. ఇప్పటికీ బాలనర్సయ్య ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. ఎప్పుడు కలిసినా, “నీ గాట్లు లేకుంటె ఎప్పుడో పడుతుంటినిరా పరమేశా,” అని భుజం తడతాడు. ఆ టైరును పరమేశ్ ఒకసారి కాదు, రెండుసార్లు కోశాడు.

బాలమణికి అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. “ఏడేండ్ల కింది ముచ్చట ఇప్పుడెందుకు తోడుతవ్? అందరు కోస్తరు, నువ్వు కోసినవ్. కొయ్యకుంటె కొత్తది కొంటుండెనా ఆయన? గుండు మీదనే తిరుగుతుండె.”

“గుండుంటె భయంతోని మెల్లగ పోతుండె. గాట్లు జూసి ధైర్యంగ పోయిండు.”

ఆమె గోనెసంచి మీది టైరును గోడవారకు జరిపింది. తర్వాత మెల్లగా, “గాట్లు లేకుంటె మన దుకాణం ఎవలకెరుక?” అంది.

మూడు దాటింది. చినుకులు మొదలయ్యాయి. రావల్కోల్ వైపు నుంచి ఒక పాల బండి వచ్చి ఆగింది. అటు రెండు క్యాన్లు, ఇటు రెండు క్యాన్లు. నడిపే మనిషి వరసకు పరమేశ్‌కు చిన్నాయన. రోజూ రెండు పూటలా కొంపల్లి అపార్టుమెంట్లకు పాలు పోస్తాడు.

“జల్దీ గాలి కొట్టు బిడ్డా, ఎనక చక్రం కుంటుతాంది. వానొస్తే ఆ అపార్టుమెంటోళ్లు పాలల్ల నీళ్లెక్కువైనయంటరు.”

బాలమణి నవ్వి పైపు అందుకుంది. పరమేశ్ ఆమెను ఆపి, చక్రం దగ్గర కూర్చున్నాడు. ఉగాది ముందు తను కోసిన టైరు. అవే గాట్లు, చేపముల్లు వరస. తడి తుడిచి, ఒక గాటు విడదీసి వెలుతురుకు పట్టి చూశాడు. గాటు అడుగున రబ్బరు లేదు. టైరు లోపలి తెల్లటి దారాలు కనిపించాయి.

“ఏమాయె? గట్టిగనే ఉంది గద,” అన్నాడు చిన్నాయన. “మొన్న మాతోటి పాలు పోసేటోడొకడు కొత్తదేసుకుండు. నేనన్న, పరమేశ్ గాట్లున్నంక కొత్తదెందుకురా అని.”

పరమేశ్ లేచాడు. చెయ్యి చాపి బండి తాళంచెవి తిప్పి తీశాడు.

“అరె! పాలు పోవాలె బిడ్డా, ఆటలాడకు.”

“ఏం జేస్తున్నవయ్యా?” అంది బాలమణి.

పరమేశ్ తాళంచెవిని జేబులో వేసుకుని, తన బండిది తీసి చిన్నాయన చేతిలో పెట్టాడు. క్యాన్లు ఒక్కొక్కటే విప్పి దించడం మొదలుపెట్టాడు.

“పాలకు నా బండి తీస్కపో చిన్నాయినా. కొత్త టైరు ఎక్కేదాంక నీ బండి నీకియ్య. నువ్వొక్కనివే గాదు, నేను కోసిన టైరు ఏదొచ్చి ఈడ ఆగినా, ఇగ దాన్ని ఊడదీసినంకనే బండి పంపిస్త.”