తర్జుమా చెయ్యని అడ్డపొగ

మొన్న ఉదయం మా సెక్టర్ 4 వరసలో ఎవరో చలికని సిగిడీ, అదే బొగ్గుల కుంపటి, రాజేస్తే, ఆ పొగ కిటికీలోంచి వచ్చీ రాగానే నా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ముప్ఫై ఏళ్లు ఫర్నేసు ముందు నిలబడ్డ ఛాతీ ఇదని పార్కులో మీబోటి వాళ్ల దగ్గర కోస్తుంటాను గానీ, నేను పనిచేసింది టైమాఫీసులో. దీన్ని కాల్చింది నా సిగరెట్లే.

ఆ పొగకి మా అప్ప, అంటే మా అక్క, గుర్తొచ్చింది. తల్లి లేని నన్ను పెంచి, నాకీ హిందీ ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం రాగానే విజయనగరం వైపు నుంచి నా వెనకే వచ్చి, సిగిడీ మీద పాతికమంది బ్రహ్మచారులకు, సరే, నలుగురికి, వండిపెట్టిన మనిషి. మా వైపు ఆడవాళ్లలాగే అడ్డపొగ తాగేది, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకునేది. చేతులు రెండూ ఖాళీ, పని ఆగదు.

కొన్నేళ్లకు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడసాగింది. బీడీ, సిగరెట్టు తాగుతుందా అని డాక్టరు హిందీలో అడిగితే, ఇద్దరి మధ్యా దుబాసిని నేనే కనక, అప్ప చుట్ట సంగతి తెలిస్తే సెక్టరంతా నవ్వుతుందని లేదనేశాను. నేనే ధైర్యంగా నిజం చెప్పానని మీలో చాలామందితో అన్నాను, క్షమించండి. ఏడాదిపాటు మందులు మింగినా మాట మధ్యలో ఊపిరి తెగిపోయేది.

చివరికి అప్పే రొంటినున్న చుట్ట తీసి డాక్టరు బల్లమీద పెట్టి, ఏ కొస నోట్లోకి పోతుందో వేలితో చూపించింది. నేను తల దించుకుంటే, "నిప్పు నా నోట్లో ఉంటే నీకేటి సిగ్గురా?" అంది.

వంటపొగా చుట్టపొగా కలిసి ఊపిరితిత్తుల్ని తినేశాయనీ, పోయింది తిరిగి రాదు గానీ రెండూ మానితే మిగిలిందాన్ని కాపాడుకోవచ్చనీ డాక్టరు చెప్పాడు. ఇంట్లో ఇంకెవరైనా తాగుతారా అని కూడా అడిగాడు. ఆ హిందీ మాత్రం అప్పకు అర్థమైంది. నా జేబులోని సిగరెట్టు పెట్టె వైపు ఒకసారి చూసి, "నహీ" అంది.

ఆరోజే చుట్ట వదిలేసింది, నా వెంటపడి గ్యాసు పొయ్యి తెప్పించుకుంది. నేను మాత్రం ఇంకో ఆరేళ్లు వరండాలో కాలుస్తూనే ఉన్నాను; అప్ప దగ్గులో నా పొగ పాలూ ఉండే ఉంటుంది. ఆ దగ్గుతోనే నా పెళ్లి చేసింది, నా పిల్లల్ని ఎత్తుకు తిప్పింది.

ఇప్పుడు మన వంటిళ్లలో మసి లేదు, అడ్డపొగ అంటే ఇక్కడ పుట్టిన పిల్లలు నమ్మరు. మంచిదే. నిన్న నాచేత గొట్టంలోకి ఊదించిన కుర్ర డాక్టరు ఎన్నేళ్లు కాల్చారని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాకోసం అబద్ధమాడే మనిషి పక్కన లేదు మరి.