మేడ మీద పెంకుల గది

మొన్న మామిడి తోటలు పూత మీద ఉన్నప్పుడు, నూజివీడులో మా అబ్బాయి నడిపే సిమెంటు, ఇనుము కొట్టుకి ఒక కంపెనీ ఆయన వచ్చి, అచ్చం బెంగుళూరు పెంకుల్లా కనిపించే రేకు ముక్కను బల్ల మీద పెట్టాడు. ఇకమీదట తోటల్లో కట్టే ఫామ్‌హౌస్‌లకు జనం ఇదే అడుగుతారని, ట్రెండ్ అలా ఉందని, ఫోన్‌లో ఏవో గీతలు చూపించి చెబుతున్నాడు. క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళిన నేను ఆ రేకును చేతిలోకి తీసుకుంటే అప్పడమంత బరువు కూడా లేదు. దీని కింద కాయ మగ్గుతుందా బాబూ అని అడిగాను. ఆయన మా అబ్బాయి వైపు ఒకసారి చూసి, "ఇది ఎలివేషన్ కోసమండీ, ఇంటి ముందు చూపు కోసం" అన్నాడు మర్యాదగా. ఆయన తప్పేం లేదు, నా ప్రశ్న అర్థం కావాలంటే మా మామగారిని ఎరిగి ఉండాలి.

నేను కోడలిగా వచ్చేనాటికి ఇప్పుడు కొట్టున్న స్థలంలో ఉన్నది మామగారి పెంకుల డిపో. ఆ రోజుల్లో మా వైపు ఇల్లు కట్టడమనేది మామిడి కాపును బట్టి ఉండేది. కాపు బాగుంటే వేసవి దాటగానే ఊరూరా గోడలు లేచేవి, కాయ రాలిపోతే పాత కప్పుకే మరమ్మతులు చేయించుకుని సరిపెట్టుకునేవారు. అందుకని మామగారు ఏటా మాఘమాసంలో గొడుగు చంకన పెట్టుకుని, ఆగిరిపల్లి నుంచి రెడ్డిగూడెం దాకా తోటలన్నీ తిరిగి చూసి, ఆ పూతను బట్టి ఎన్ని లారీల పెంకులు దింపించాలో తేల్చేవారు. ఇదేం పద్ధతని మావారు చాటున విసుక్కునేవారు గాని, నేను వచ్చిన మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన అంచనా తప్పలేదు.

నాలుగో ఏడు పూత ఎంత విరగబూసిందంటే చెట్లకు ఆకు కనపడలేదు. మామగారు చొక్కా మీద రాలిన పూతతోనే ఇంట్లోకి వచ్చి, ఎప్పుడూ దింపించేదానికి రెట్టింపు చెప్పేశారు. హనుమాన్ జంక్షన్ మీదుగా లారీ వెనక లారీ వచ్చి, డిపో నిండిపోయి, మా పెరట్లో బావి గట్టు దాకా దొంతరలు పేర్చాల్సి వచ్చింది. కాపు ఆయన అనుకున్నట్టే వచ్చింది, ఇళ్ళూ బోలెడు లేచాయి. కాకపోతే ఆ ఏడు అందరూ కూడబలుక్కున్నట్టు స్లాబులు వేయించుకున్నారు. ఎన్ని ఇళ్ళు లేస్తాయో పూత చెబుతుంది గాని, వాటి మీద ఏ కప్పు పడుతుందో అది చెప్పదు కదా.

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. అందరికన్నా ముందు స్లాబు వేసింది ఆగిరిపల్లిలోని మా అన్నయ్యే. పూత రాకముందే ఆ మాట నాతో అన్నాడు, వాళ్ళ వీధిలో చాలామంది డాబాలే అనుకుంటున్నారని కూడా చెప్పాడు. మీ సరుకు మా పుట్టింటివాళ్ళకే అక్కర్లేదట అని మామగారితో ఏ నోటితో చెప్పను? లారీలు దిగుతుంటే వరండాలో నిలబడి చూశానే గాని పెదవి విప్పలేదు.

అన్నయ్య పిలిస్తే మామగారు స్లాబు వేసే రోజున వెళ్ళారు. కూలీలతో పాటు పులిహోర తిని, సాయంత్రం దాకా అక్కడే నిలబడి, పని బాగా జరిగిందని మెచ్చుకుని మరీ వచ్చారు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక మాత్రం మావారితో, "నాకిక జనం తీరు అందటం లేదురా, ఈ డిపో ఎవరికన్నా ఇచ్చేద్దాం" అన్నారు. మరుసటి మాఘంలో గొడుగు కొక్కేనికి వేలాడుతూనే ఉండిపోయింది.

ఆ వేసవిలో మా వదిన ఒక కష్టం చెప్పుకొచ్చింది. పెంకుటింట్లో అటక మీద గడ్డి పరిచి కాయలు పేరిస్తే, పెంకుల సందుల్లోంచి గాలి ఆడుతూ నిదానంగా మగ్గేవి. కొత్త డాబాలో అటక లేదు. గదిలో పెడితే స్లాబు వేడికి కాయ ఒక పక్క కుళ్ళి, ఒక పక్క పచ్చిగా ఉండిపోతోంది. ఈసారి నేను నోరు కుట్టేసుకోలేదు, మామగారికి ఇడ్లీ వడ్డిస్తూ సంగతంతా చెప్పాను. ఆయన తింటున్న చెయ్యి ఆపి, "ఏంటమ్మాయ్, మళ్ళీ చెప్పు" అన్నారు.

ఆ పూటే వడ్రంగిని వెంటబెట్టుకుని ఆగిరిపల్లి వెళ్ళి, అన్నయ్య డాబా మీద ఓ మూలగా, గాలి ఆడే పొట్టి గోడలు పెట్టించి, మా పెంకులతో కాయల గది ఒకటి వేయించారు. అది చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళను చూసి రెడ్డిగూడెం చుట్టాలు. రెండు వేసవులు తిరిగేసరికి మా బావి గట్టు మళ్ళీ బయటపడింది. గది కోసం వచ్చినవాళ్ళు కింద స్లాబుకు సిమెంటు కూడా మీరే ఇవ్వండి అనడంతో, ఆ సరుకు పేరెత్తితేనే ముఖం తిప్పుకునే మనిషి తన చేత్తోనే సిమెంటు బోర్డు కట్టించారు.

ఇప్పుడు పూతతో నిమిత్తం లేకుండా ఏడాది పొడుగునా అపార్టుమెంట్లు లేస్తున్నాయి, పండ్లు అట్టపెట్టెల్లో మగ్గి వస్తున్నాయి, ఆనాటి పెంకుల గదులు తీసేసి నీళ్ళ ట్యాంకులు పెట్టుకున్నారు. మొన్న ఆ కంపెనీ ఆయన వెళ్ళాక, పాత అలవాటు కొద్దీ, ఈ ఏడు పూత బాగుందిరా, సరుకు దింపించు అన్నాను మా అబ్బాయితో. "ఏ సరుకమ్మా?" అన్నాడు వాడు.

ఆ ఒక్క మాట ఆనాడు వరండాలో నిలబడి మామగారిని నేను అడగాల్సింది. అన్నయ్య సంగతి నాకు ముందే తెలుసని ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను, ఆయనా అడగలేదు. కాని కొక్కేనికున్న గొడుగు మళ్ళీ తీసింది మొదలు, ఏటా తోటలకు బయలుదేరేముందు ఆయన వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "ఏంటమ్మాయ్, మీ వైపు ఏమనుకుంటున్నారు?" అని అడిగేవారు, నేను చెప్పిందంతా విన్నాకే చెప్పులు వేసుకునేవారు. ఇప్పుడు అన్నీ ఆ ఫోన్‌లో గీతలే చెప్పేస్తున్నాయి, వంటింటి గుమ్మం దగ్గర ఆగి అడిగేవారు లేరు.